నిలబడిన మనిషి ఎత్తు

"తర్వాత చూసుకుందాంలే" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత చూసుకోవాల్సింది నేనే కాబట్టి. పచ్చ తెర ముందు మనిషిని నిలబెట్టి వీడియో తీస్తారు. ఆ పచ్చదనమంతా కంప్యూటర్లో తీసేసి, మనిషి వెనక సముద్రమో కొండో ఆఫీసు గదో పెట్టడం నా ఉద్యోగం. తెర ముడతలు పడి ఉన్నా, మనిషి తెరకి మరీ దగ్గరగా నిలబడి చెవులకి పచ్చరంగు అంటుకున్నా, కుడివైపు ఎండ కాసే సముద్రానికి ఎడమవైపు లైటు వేసిన మనిషిని తెచ్చి నా నెత్తిన పెట్టినా, తీసినవాళ్ళు హాయిగా ఇంటికి పోతారు. నేను మాత్రం ఒక్కో వెంట్రుక చుట్టూ గీతలు గీసుకుంటూ వారాల తరబడి కూర్చోవాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే అదే.

ఆ మాట ఎప్పుడూ అనని మనిషి మా బావ ఒక్కడే.

బావ అంటే మా అక్క భర్త. టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డులో ఉన్న మా స్టూడియోలో, షూటింగుకి ముందే అన్నీ ఆలోచించి పెట్టడం అతని పని. నడుముకి ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది కాబట్టి అందరూ అతన్ని 'టేపు' అనే పిలుస్తారు. ఎవరైనా షూటింగు కావాలని వస్తే ముందు అడిగే ప్రశ్న ఒకటే. "వెనక ఏం పెడతారు?" అది తేలేదాకా కెమెరా ముట్టనివ్వడు. వెనక పెట్టే బొమ్మలో వెలుగు ఏ పక్కనుంచి వస్తోందో, దాన్ని తీసిన కెమెరా ఎంత ఎత్తులో ఉందో చూసి, ఇక్కడ మనిషికి కూడా అలాగే లైటు పెడతాడు, అంతే ఎత్తులో కెమెరా పెడతాడు. తెరకి వేరే లైట్లు, మనిషికి వేరే లైట్లు. మధ్యలో తొమ్మిదడుగుల దూరం, ఒక్క అంగుళం తగ్గినా ఒప్పుకోడు. పచ్చ చొక్కాతో వచ్చిన పెద్దమనిషిని "వెళ్ళి మార్చుకుని రండి" అని మొహం మీదే అనేస్తాడు. అంతా అయ్యాక ఆ కొలతలన్నీ నల్ల అట్ట పుస్తకంలో రాసుకుంటాడు.

ఆ పుస్తకంలో ప్రతి పేజీకీ చివరి లైను ఒకటే. 'నిలబడిన మనిషి ఎత్తు: ఐదడుగుల రెండంగుళాలు.'

ఆ నిలబడిన మనిషి మా అక్క. నటించేవాళ్ళు వచ్చేలోపు లైట్లు సరిచూసుకోవడానికి ఎవరో ఒకరు తెర ముందు నిలబడాలి. అక్క స్టూడియోలో ఫోన్లు ఎత్తడానికని చేరింది. ఎప్పుడు చూసినా ఎదురుగా ఉండేది కాబట్టి బావ పిలిచి నిలబెట్టేవాడు. నేల మీద అంటించిన గీత దగ్గర నిలబడి, బూడిదరంగు కార్డు ఒకటి మొహం పక్కన పట్టుకుని, ఎడమకి తిరిగి, కుడికి తిరిగి, రెండడుగులు ముందుకి నడిచేది. "బళ్ళో అల్లరి చేసినప్పుడు కూడా నన్ను ఇంతసేపు నిలబెట్టలేదు" అని సణిగేది. సణుగుతూనే నవ్వేది. బావ అంతకంటే ఎక్కువ నవ్వేవాడు. కడుపులోంచి వచ్చేది అతని నవ్వు, చివర్లో ఎక్కిళ్ళలా ఆగి ఆగి వచ్చేది. వాళ్ళిద్దరి గోలకి పక్క గదిలో నా పని సాగేది కాదు. ఒకటి రెండుసార్లు తలుపు ధడాలున వేశాను కూడా.

అక్క ఒక మధ్యాహ్నం మందుల షాపుకని రోడ్డు దాటుతుంటే వ్యాను గుద్దింది. అక్కడికక్కడే పోయింది. చేతిలో ఉన్న ఫోను కూడా ముక్కలైంది. అప్పటికి వాళ్ళ కూతురికి నాలుగున్నరేళ్ళు.

తొమ్మిదో రోజు బావ పనికొచ్చాడు. ఆ రోజు ఒకటో తారీకు. ప్రతి ఒకటో తారీకునా, పని అప్పగించేసిన షూటింగుల పరీక్ష షాట్లన్నీ డిస్కుల్లోంచి తుడిచేయాలి. లైట్లు చూసుకోవడానికి తీసే ఆ షాట్లు ఎవరికీ అక్కర్లేదు, చోటు మాత్రం తినేస్తాయి. ఆ నియమం పెట్టింది బావే, కాగితం మీద రాసి గోడకి అంటించిందీ బావే. నేను టీ గ్లాసు పట్టుకుని అతని గదిలోకి వెళ్ళేసరికి తుడవడం అయిపోయింది. ఆ షాట్లన్నిట్లో నిలబడి ఉన్నది అక్క.

"బావా, ఏం చేశారో తెలుస్తోందా మీకు?"

"ఒకటో తారీకు కదా" అన్నాడు.

గ్లాసు విసిరి కొట్టాలనిపించింది. కొట్టలేదు. బల్ల మీద పెట్టేసి బయటికొచ్చి, టైర్ల కొట్టు గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. కోపం వచ్చింది, అదీ ఎక్కువసేపు నిలవలేదు. వారం తర్వాత బుద్ధొచ్చి, పోయిన షాట్లు వెనక్కి తెచ్చేవాడి దగ్గరికి డిస్కులు పట్టుకెళ్ళాను. వాటి మీద అప్పటికే కొత్త షూటింగు ఎక్కేసిందనీ, ఇక లాభం లేదనీ చెప్పాడు.

ఆ తర్వాత ఏడాదిన్నర గడిచింది. ఎలా గడిచిందంటే చెప్పడానికేమీ లేదు. అక్క నిలబడే చోట బావ ఒక లైటు స్టాండు పెట్టి, దాని చివర అట్టముక్క గుచ్చాడు. పుస్తకంలో 'స్టాండు: ఐదడుగుల రెండంగుళాలు' అని రాయడం మొదలుపెట్టాడు. పొద్దున్నే కూతురికి రెండు జడలూ ఒకే పొడవొచ్చేలా వేసి బడికి పంపుతాడు, పనికొస్తాడు, కొలుస్తాడు, వెళ్తాడు. నవ్వడు. ఏడవడు. ఎవరైనా పలకరిస్తే బాగానే ఉన్నానంటాడు. నిమ్మకు నీరెత్తినట్టున్న ఆ వాలకం చూసి నాకు అసహ్యం వేసేది. నేను మాత్రం ఏం వెలగబెట్టానని? నేనూ తింటున్నాను, నిద్రపోతున్నాను, జనాల వెనక సముద్రాలు పెడుతున్నాను.

బావ కూతురిని మేం బుడ్డది అంటాం. ఇప్పుడు దానికి ఆరేళ్ళు. ఒక ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి వంటగది గుమ్మం దగ్గర బావ దాని ఎత్తు కొలుస్తున్నాడు. మూడు నెలలకోసారి కొలిచి గుమ్మం చెక్క మీద పెన్సిలుతో గీత పెడతాడు.

"నాన్నా, అమ్మ ఎంత?" అంది బుడ్డది.

బావ ఏ పుస్తకమూ చూడలేదు. టేపు పైకి లాగి ఐదడుగుల రెండంగుళాల దగ్గర గీత పెట్టాడు. బుడ్డది ఆ గీత కింద నిలబడి తలెత్తి చూసింది. చెయ్యి చాపితే అందలేదు.

"ఇది గీతే కదా. అమ్మ ఎలా నడిచేది?"

"మామూలుగానే నడిచేదమ్మా."

"మామూలుగా అంటే?"

బావ టేపు చుట్టేశాడు. బుడ్డది నా దగ్గరికొచ్చింది. "పిన్నీ, నాకు అమ్మ గుర్తొస్తే ఫోటోలో ఉన్నట్టే గుర్తొస్తోంది. అస్సలు కదలట్లేదు" అంది. ఏడుస్తూ చెప్పలేదు, పెన్సిలు పోయిందని చెప్పినట్టు చెప్పింది.

ఇంట్లో కంప్యూటర్లోకి ఎక్కించిన వీడియోలు బోలెడున్నాయి. కానీ ఎప్పుడూ ఫోను పట్టుకుని తీసేది అక్కే. "ఇటు చూడు, బుడ్డీ, ఇటు" అంటూ అన్నిట్లో అక్క గొంతు ఉంది. మనిషి ఒక్కదాంట్లోనూ లేదు. పెళ్ళికి కూడా ఫోటోలే తీయించుకున్నారు. కెమెరా ముందు పొద్దస్తమానం నిలబడేది కదా, ఇంటికొచ్చాక కెమెరా తన వైపు తిప్పితే "అయ్యో, ఇక్కడ కూడానా" అని చెయ్యి అడ్డం పెట్టేసేది. అక్క కదిలింది స్టూడియో షాట్లలోనే. అవన్నీ పోయాయి.

మర్నాడు బావ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఎక్కడైనా ఒక్క షాటు మిగిలిందేమో చూస్తావా అమ్మాయ్?" అన్నాడు. ఏడాదిన్నరలో నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"ఇప్పుడా? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమా బావా?"

"అవును" అన్నాడు. అంత నెమ్మదిగా ఒప్పుకుంటాడని అనుకోలేదు. 

మూడు రోజులు వెతికాను. పాత కంప్యూటర్లు, మూలపడేసిన డిస్కులు, నా సొంత ఫోల్డర్లు అన్నీ చూశాను. చివరికి కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పడానికి నేను దాచుకున్న వాటిలో ఒకటి కనిపించింది. నలభై సెకన్లు. దాని సంగతి మర్చిపోయాను.

అది బాగా చలిగా ఉన్న ఒక పొద్దున తీసింది. అక్క ఆకుపచ్చ స్వెట్టరు వేసుకొచ్చి, చూసుకోకుండా అలాగే తెర ముందు నిలబడింది. పచ్చ బట్టలు వేసుకొచ్చినవాళ్ళని తరిమేసే బావ, ఆ రోజు మాత్రం మార్చుకు రమ్మనకుండా కావాలనే కెమెరా తిప్పాడు. తర్వాత నాకిచ్చి "వెనక సముద్రం పెట్టు" అన్నాడు. పెట్టాను. తెరతో పాటు స్వెట్టరు కూడా పోయింది. అక్క తల, రెండు అరచేతులు, నడుం కింద నల్ల ప్యాంటు, చెప్పులు ఉన్నాయి. మధ్యలో అలలు వస్తూ పోతున్నాయి. అక్క తెర మీద తనని తాను చూసుకుని "తిండి మానకుండానే సన్నబడిపోయాను చూడండి" అంది. ఆ రోజు స్టూడియోలో నవ్వని మనిషి లేడు, నేను కూడా నవ్వాను. అప్పటినుంచీ కొత్తవాళ్ళు చేరితే 'పచ్చ బట్టలు ఎందుకు వేసుకోకూడదు' అని చెప్పడానికి అదే చూపించేదాన్ని.

నా దగ్గర మిగిలింది ఆ సముద్రం పెట్టినది మాత్రమే. స్వెట్టరు కనిపించే అసలు షాటు ఎప్పుడో ఒక ఒకటో తారీకున పోయింది. తలా చేతులూ గాల్లో తేలుతున్న అమ్మని ఆరేళ్ళ పిల్లకి ఎలా చూపిస్తాం?

బావ రెండుసార్లు చూశాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

"ఏ తారీకు ఇది?"

చెప్పాను. బీరువా తెరిచి నల్ల అట్ట పుస్తకాల్లోంచి ఒకటి లాగి పేజీ తిప్పాడు. కెమెరా ఎత్తు నాలుగడుగుల రెండంగుళాలు. లెన్సు యాభై మిల్లీమీటర్లది. ఎడమ లైటు ఏడడుగుల ఎత్తు, మనిషికి ఆరడుగుల దూరం. అన్నీ ఉన్నాయి. "స్వెట్టరు ఇంట్లో ఉంది. అందులోకి ఒక మనిషి కావాలి" అన్నాడు, కిరాణా కొట్లో సరుకు చెప్పినట్టు.

"మనిషంటే ఎవరు?"

"నువ్వే. మీ అక్కచెల్లెళ్ళ భుజాలు ఒకటే. ఒకళ్ళ బట్టలు ఒకళ్ళు వేసుకునేవాళ్ళు కదా."

నేను వద్దనలేదు. వద్దనడానికి కూడా ఏదో ఒకటి అనిపించాలి కదా.

వారం రోజులు కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాడు. ఇంతకుముందు ఎన్ని పెద్ద షూటింగులు చేశాడో, దేనికీ అంత రాయలేదు. స్వెట్టరు పచ్చది కాబట్టి ఈసారి తెర నీలంగా ఉండాలి. నీలం బట్ట తెచ్చి, ముడత లేకుండా స్వయంగా ఇస్త్రీ చేసి కట్టాడు. మనకి కావాల్సింది స్వెట్టరు ఒక్కటే కాబట్టి నా తలకి నీలం ముసుగు, చేతులకి నీలం తొడుగులు, కాళ్ళకి నీలం ప్యాంటు. నేను అక్క కంటే ఒకటిన్నర అంగుళం పొట్టి. దానికి సరిపడా చెక్క పలకలు కోయించి, వాటికీ నీలం రంగు వేశాడు. అక్క ఎన్నో సెకనులో ఎటు తిరిగిందో, ఏ చెయ్యి ఎప్పుడు ఎత్తిందో లెక్కకట్టి నా చేతిలో పెట్టాడు.

సెలవు రోజు చూసి కెమెరామన్‌ని పిలిచాం. బావ స్వెట్టరు ఒక కవరులో తెచ్చాడు. వేసుకున్నాక జేబులో చెయ్యి పెడితే ఒక బస్సు టికెట్టు, రెండు జుట్టు పిన్నులు తగిలాయి. బయటికి తీసి చూపించాను.

"తీసెయ్యి. ఉబ్బు కనిపిస్తుంది" అన్నాడు.

నాకు మళ్ళీ ఆ టీ గ్లాసు గుర్తొచ్చింది. టికెట్టూ పిన్నులూ నా బ్యాగులో వేసుకుని, ముసుగు తొడుక్కుని, పలకల మీద నిలబడ్డాను.

కదలికలు తప్పకుండా ఉండాలని ఆ పాత షాటులో ఉన్న గొంతుల్ని స్పీకర్లో పెట్టాడు. అది పెడతాడని నాకు ముందు చెప్పలేదు. ముసుగులోపల చీకట్లో ఉండగా బావ గొంతు వినిపించింది, రెండేళ్ళ కిందటిది.

"వచ్చావా మహాతల్లీ. ప్రపంచంలో ఇంకో స్వెట్టరే దొరకలేదా నీకు? సరే, గీత మీద నిలబడు. ఎడమకి చూడు. ఇప్పుడు కుడికి. కార్డు చూపించు. రెండడుగులు నడు."

తర్వాత నవ్వు. ఎక్కిళ్ళతో సహా.

"ఏంటా నవ్వు? ఏం చేస్తున్నావు నువ్వు?" అని అక్క గొంతు.

"ఏం లేదే, ఏం లేదు, నువ్వు నడు" అని మళ్ళీ నవ్వు.

నేను ఆ గొంతు చెప్పినట్టు ఎడమకి తిరిగాను, కుడికి తిరిగాను, పలకల మీద రెండడుగులు వేశాను. స్పీకరు ఆగింది.

"మళ్ళీ. కుడి భుజం ఆలస్యమైంది" అన్నాడు కెమెరా పక్కనుంచి ఇప్పటి బావ.

పదకొండుసార్లు చేశాం. పదకొండుసార్లు ఆ నవ్వు వచ్చింది. నా మొహం ఎలాగూ తీసేసేదే, ముసుగులో ఏడ్చినా ఎవరికీ తెలియదు. అయినా ఏడవలేదు. చెమట మాత్రం కారింది. బావ అన్నిసార్లూ నా భుజాల్నే చూశాడు. ఆఖర్న తన అలవాటు ప్రకారం "అందరూ పక్కకి" అని, ఎవరూ లేని తెరని పది సెకన్లు తీయించాడు. అలా ఖాళీగా తీసి పెడితే తర్వాత నా పని తేలికవుతుంది. లైట్లు ఆర్పి, పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, "చాలమ్మాయ్, వెళ్ళు" అన్నాడు.

ఇలాంటి అతుకుల పని నాకు మామూలుగా మూడు నాలుగు వారాలు పడుతుంది. ఇది ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. నీలం తీసేసి స్వెట్టరు తీసుకెళ్ళి అక్క మెడ కింద పెడితే, అక్కడే పుట్టినట్టు కూర్చుంది. వెలుగు కలిసింది. మణికట్టు దగ్గర అర అంగుళం సర్దాను, అంతే. ఇంతకంటే బాగా ఏర్పాటు చేసిన షూటింగు నా ఉద్యోగంలో చూడలేదు. అంత తేలిగ్గా అయిపోవడం నాకు నచ్చలేదు. అక్కతో ఇంకో నాలుగు రోజులు కూర్చోవచ్చనుకున్నాను.

గొంతులు మాత్రం తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆ నవ్వు మళ్ళీ వినడం నా వల్ల కాలేదు.

బడి అయ్యాక బావ బుడ్డదాన్ని తీసుకొచ్చాడు. నా కుర్చీలో కూర్చోబెట్టాను. కాళ్ళు నేలకి అందట్లేదు. బావ వెనక నిలబడ్డాడు. వేశాను.

సముద్రం ముందు అక్క నిండుగా నిలబడింది. ఎడమకి తిరిగింది, కుడికి తిరిగింది, కార్డు చూపించి పక్కకి విసిరేసినట్టు చేసింది, రెండడుగులు నడిచింది. నడిచేటప్పుడు కుడికాలు కొంచెం బయటికి వేస్తుంది. అదీ నేను మర్చిపోయాను.

"అమ్మ" అంది బుడ్డది. "నడుస్తోంది."

ఐదుసార్లు వేయించుకుంది. ఆరోసారి తెర దగ్గరికి వంగింది.

"పిన్నీ, అమ్మ నోరు కదుపుతోందిగా. మరి మాటలేవీ?"

నేను బావ వైపు చూశాను. అతనికి అర్థమైంది. "ఉన్నాయా?" అన్నాడు. తల ఊపాను. "పెట్టు" అన్నాడు.

పెట్టాను. బావ గొంతు, అక్క గొంతు, నవ్వు గది నిండా వచ్చాయి. బుడ్డది అక్క గొంతుని వెంటనే పట్టేసింది. ఇంట్లో వీడియోల్లో రోజూ వినేదే కదా. అయిపోయాక కుర్చీలో నా వైపు తిరిగింది.

"మరి అమ్మతో నవ్వే ఆయన ఎవరు?"



"నేనే" అన్నాడు బావ.

బుడ్డది వెనక్కి తిరిగి అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"నువ్వు కాదు" అంది.

 బావ చెయ్యి టేపు దగ్గరికి వెళ్ళింది, కొంచెం లాగి వదిలేశాడు. కాసేపటికి కుర్చీ పక్కనే నేల మీద కూర్చున్నాడు. అలా కూర్చుంటే అతని తల, బుడ్డదాని తల ఒకే ఎత్తులోకి వచ్చాయి.

"ఇంకోసారి పెట్టమ్మాయ్" అన్నాడు. 

మళ్ళీ వేశాను. ఈసారి బుడ్డది తెర వైపు చూడలేదు. వాళ్ళ నాన్న నోటి వైపే చూస్తూ కూర్చుంది.